పూలగుత్తులకు ఆకు పైరులు: విత్తనము మొదలు విక్రయము వఱకు

పూలచెండు గాని పూలగుత్తి గాని కట్టువారు పూలతోపాటు ఆకును గూడ కొనుచుందురు. ఆకు లేని పూలగుత్తి తోరణము లేని పందిరివలె బోసిగా నుండును. మన స్త్రీలు జడలో ముడుచుకొను కదంబమునందు కనకాంబరము, మల్లె, చేమంతులతోపాటు మరువమో దవనమో లేకున్నచో దానిని కదంబమని యెవరును అనరు. నేడు పెండ్లి పందిళ్లలోను సభలలోను ఇచ్చు పూలగుత్తుల కట్టుబడి మాఱినది గాని ఆకుయొక్క అక్కఱ తీరలేదు. ఈ యాకులో కొంతభాగమును విత్తనమునుండి మూడు నాలుగు మాసములలో పెంచి కోసికొనవచ్చును. అట్టి పైరులను మన ఒంగోలు ప్రాంతపు రైతు ఒకటి రెండు సెంట్లలో ఎట్లు పెంపవలెనో, పెంచినదానిని ఎట్లు అమ్మవలెనో ఈ పాఠములో చెప్పుదుము.

మొదటనే ఒక మాట చెప్పవలసియున్నది. ఇది పత్తికిని మిరపకును బదులుగా వేయదగిన పైరు కాదు. ఎకరముల కొలది వేసినవాడు నష్టపడును. బావి ప్రక్కను, కాలువ మొదటను, ఇంటి పెరటిలోను నున్న చిన్న చెక్కలో, ఇంటివారి చేతిపనితో సాగు చేయదగినది. మిరపకాయ కోతకు రాకముందు చేతిలో రొక్కము లేక వడ్డీకి తెచ్చుకొను దినములలో నాలుగు రూపాయలు కంటబడుటయే దీని ప్రయోజనము.

ఆకు పంట మనకు క్రొత్తదా?

ఆకును పండించి, రంగును బట్టి వేఱుచేసి, కట్టలు కట్టి అమ్ముట ఒంగోలు రైతునకు తెలియని విద్య కాదు. పొగాకు మనకు నేర్పినది అదియే. అయితే పొగాకునకును ఈ యాకునకును రెండు భేదములు గలవు. పొగాకు కాల్చి ఆరిన పిమ్మట నెలల తరబడి నిలువయుండును. ఈ యాకు కోసిన మఱునాటికే వాడిపోవును. పొగాకునకు 1976 లో గుంటూరు ముఖ్యస్థానముగా పొగాకు బోర్డు ఏర్పడినది. 1985 నుండి మన రాష్ట్రములో వేలపు వేదికలు నడచుచున్నవి. ఈ యాకునకు బోర్డును లేదు, వేదికయు లేదు. మిరపకాయకు గుంటూరులో శీతల గిడ్డంగులు గలవు; ధర లేనప్పుడు దాచి, ధర వచ్చినప్పుడు తీయవచ్చును. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. కావున కొనువానిని ముందు చూచుకొని పిమ్మట విత్తవలయును. విత్తిన పిదప కొనువానిని వెదకువాడు తన ఆకును పశువులకు వేసికొనవలసివచ్చును.

ఏ మొక్కలు తగినవి?

చలిదేశముల విత్తన పట్టికలలో అందమైన ఆకు మొక్కల బొమ్మలు చాల గలవు. వానిలో పెక్కు మొక్కలు చల్లని వేసవిలో పెరుగునవి. మన మాఘ ఫాల్గుణముల యెండకే అవి కుంగిపోవును. బొమ్మను చూచి విత్తనము కొనరాదు. మన వాతావరణమునకు తగినవి, మన బజారునకు తెలిసినవి మూడు చెప్పుదుము: దవనము, భూతులసి, ఎఱ్ఱ తోటకూర. మరువమును గూడ అందఱును ఎఱుగుదురు గాని, దానిని మన పూలతోటలవారు కొమ్మలు నాటి పెంచుదురు. అది ఏండ్ల తరబడి నిలుచునది. కావున ఈ పాఠములో చేరదు.

నేల, నీరు

ఈ మూడింటికిని నీరు నిలువని నేల కావలెను. ఎఱ్ఱ గరప నేలలును ఇసుక కలిసిన దుబ్బ నేలలును మేలు. నల్లరేగడి తేమను పట్టియుంచును గాని వానకు బురదయై వేళ్లను ఊపిరాడనీయదు. ఎండకు బీటలువాఱి లేతవేళ్లను తెంచును. రేగడియే గలవారు మడిని జానెడు ఎత్తుగా చేసి, ఇసుకయు చివికిన పశువుల పెంటయు బాగుగ కలుపుకొనవలయును. మూడడుగుల వెడల్పు మడి, అడుగు వెడల్పు కాలువ, మరల మూడడుగుల మడి, ఇట్లు ఏర్పఱచుకొన్నచో మడిలో కాలు పెట్టకయే రెండు ప్రక్కలనుండి పని చేయవచ్చును.

నీటి విషయమున మన తీరప్రాంతపు రైతులు మిక్కిలి జాగ్రత్తగా నుండవలెను. కొత్తపట్నము, చినగంజాము, చీరాల, బాపట్ల దుబ్బలలో తియ్యని నీరు పైని పలుచని పొరగా నుండి, క్రింద ఉప్పునీరు నిలిచియుండును. పెద్దలు బోరు వేయక లోతు తక్కువైన దొరువు త్రవ్వి కుండలతో ముంచి పోసినది ఇందులకే. పైపొరనుండి కొంచెము కొంచెముగా తీసికొన్నంత కాలము నీరు తియ్యగా నుండును; ఒక్కసారి పెద్ద యంత్రము పెట్టి లాగినచో క్రింది ఉప్పునీరు పైకి వచ్చును. ఉప్పునీటికి లేత ఆకుల అంచులు మాడును. గుత్తిలో పెట్టు ఆకునకు అంచు మాడినచో అది అమ్ముడుపోదు. కావున విత్తుటకు ముందు నీటిని సీసాలో పట్టి, భూసార పరీక్షా కేంద్రమునకు పంపి చూపించుకొనుడు.

దవనము

ఇది మోకాలెత్తు పెరుగు ఏకవార్షికపు మొక్క. వెండి ఛాయగల సన్నని చీలికల ఆకు, వాడినను విడువని సువాసన దీని గుణములు. సంస్కృతమున దమనకమని పేరు. చైత్రమాసమున దమనోత్సవము జరుపు దేవాలయములు గలవు. అత్తరులకు దీని తైలము తీయుదురు. తైలమునకు పెంచువారు మైసూరు సీమలో ఎక్కువ. మనము ఆకు కొఱకు పెంచుటను గూర్చి మాత్రమే చెప్పుచున్నాము.

దవనమునకు చలికాలపు మంచు మేలు, పెద్దవాన కీడు. మనకు ఈశాన్య ఋతుపవనము ఆశ్వయుజ కార్తీకములలో కురియును. కనుక విశాఖ కార్తెలో, అనగా నవంబరు రెండవ వారము ప్రాంతమున, నారు పోయుట మంచిది. ఆ వెనుకను తుపాను రాదని నిశ్చయము లేదు. 2023 లో మిచౌంగ్ తుపాను డిసెంబరు 5 వ తేదీన బాపట్ల సమీపమున తీరము దాటినది. అందుచేత నారంతయు ఒకేసారి పోయక, పదునైదు దినముల యెడముతో మూడు విడతలుగా పోయవలయును. ఒక విడత వానకు పోయినను తక్కిన రెండు నిలుచును.

విత్తనము మిక్కిలి సన్ననిది. సెంటు భూమికి ఆఱు గ్రాములు చాలును. క్రొత్త విత్తనమునే కొనవలెను. ఏడాది దాటినది చాలవఱకు మొలవదు. కొన్న వెంటనే నూఱు గింజలను తడిగుడ్డలో పఱచి, ఆఱకుండ నీరు చిలుకరించుచు ఎన్ని మొలచునో లెక్కించుడు. సగమునకు తక్కువ మొలచినచో ఆ విత్తనమును తిరిగి ఇచ్చివేయుడు. తక్కినదానిని పలుచని గుడ్డలో మూటగట్టి, రెండు దినములు తడిగా నుంచి, గింజ ఉబ్బిన పిమ్మట పదింతల సన్నని ఇసుకతో కలిపి చల్లవలయును. ఇసుక కలుపనిచో ఒకచోట గుంపుగాను ఒకచోట బోసిగాను పడును. పైని మట్టి కప్పరాదు. జల్లెడ పట్టిన పెంటను పలుచగా చల్లిన చాలును. చిల్లుల డబ్బాతో మెల్లగా తడుపుడు.

ఇక్కడ మిరప రైతునకు తెలిసిన విద్యయే పనికివచ్చును. మిరప నారునకు వచ్చు నారుకుళ్లు దవనపు నారునకును వచ్చును. మొదలు మెత్తబడి, మొలక నేలకు ఒఱగును. ఒకచోట మొదలైనచో మఱునాటికి చేటంత మేర పోవును. దీనికి కారణము దట్టముగా చల్లుట, సాయంకాలము నీరు పోసి రాత్రియంతయు తడిగా నుంచుట, నీరు పోవు దారి లేకుండుట. పలుచగా చల్లి, ఉదయమున మాత్రమే తడుపుడు. శ్రావణములో మిరప నారు పోసిన మడినే దీనికి వాడకుడు. కుళ్లుతెగులు బీజములు ఆ మట్టిలోనే యుండును. తెగులు కనబడినచో మిరప నారునకు వాడునట్లే కాపర్ ఆక్సీక్లోరైడును లీటరు నీటికి మూడు గ్రాముల చొప్పున కలిపి, మొదళ్లు తడియునట్లు పోయవచ్చును. ఇది నారుమడిలో మాత్రమే. నాటిన పిమ్మట వలదు.

నాలుగైదు వారములకు నారు నాలుగంగుళములు పెరుగును. అప్పుడు సాయంకాలమున తీసి నాటవలయును. తైలమునకు పెంచువారు వరుసకు వరుస ఆఱంగుళములు, మొక్కకు మొక్క మూడంగుళములు ఉంచుదురు. కట్టలకు పెంచు మనము రెండు వైపులను ఆఱంగుళములు ఉంచినచో మొక్క కొమ్మలు వేసి నిండుగా పెరుగును. సెంటునకు నలుబది కిలోల చివికిన పెంట, ఒక కిలో సూపర్ ఫాస్ఫేటు, పావుకిలో పొటాషు ఎరువు దుక్కిలో వేసి, యూరియా ఒక కిలోను మూడు పాళ్లుగా చేసి, నాటినప్పుడు ఒకపాలు, పిమ్మట మూడేసి వారములకు ఒక్కొక్కపాలు వేయుడు. నాటిన రెండు మాసములకు, మాఘపు పెండ్లిండ్ల వేళకు, ఆకు కోతకు వచ్చును.

భూతులసి

సబ్జా గింజలని అంగళ్లలో అమ్మునవి దీని విత్తనములే. వీనిని నీటిలో నానవేయరాదు. జిగురు పొర కట్టి ఒకదానికొకటి అంటుకొని చల్లుటకు రావు. పొడిగానే వరుసలలో చల్లి, వేలిగోరంత మట్టి కప్పిన చాలును. నాలుగైదు జతల ఆకులు వచ్చినప్పుడు తీసి అడుగు ఎడముగా నాటి, ఆఱంగుళముల ఎత్తున తల త్రుంచవలయును. త్రుంచినచోట రెండు కొమ్మలు వచ్చును. వానిని మరల త్రుంచినచో నాలుగగును. త్రుంచనివానికి ఒక పొడవైన కాడ, త్రుంచినవానికి పది కాడలు.

భూతులసిని కోయుటలో ఒక మెలకువ గలదు. లేత కాడ కోసిన గడియకే తల వాల్చును. కాడను క్రిందుగా పట్టి మెల్లగా ఊపి చూడుడు. తల వాలి ఊగినచో అది ముదురలేదు. కఱ్ఱవలె నిలిచినచో కోయవచ్చును. మొదటి కోతలో మొదట రెండు కణుపులు విడిచినచో మరల చిగిర్చి రెండవ కోతకును వచ్చును. కోసిన భూతులసిని మంచుగడ్డల పెట్టెలో పెట్టరాదు. ఎక్కువ చలికి దీని ఆకు నల్లబడును. నీడయు తడిగుడ్డయు చాలును.

ఎఱ్ఱ తోటకూర

కూరకు వేయు తోటకూరలోనే ముదురు ఎఱుపు, ఎఱుపు పసుపు కలిసిన ఆకులు గల రకములు గలవు. పూలగుత్తిలో ఎఱ్ఱ ఆకు పసుపు చేమంతికిని తెల్ల లిల్లీకిని మిక్కిలి అందము నిచ్చును. అయితే ఈ జాతికి పగలు తక్కువగా నుండు దినములలో త్వరగా వెన్ను తీయు స్వభావము గలదు. మార్గశిర పుష్యములలో విత్తినది జానెడైనను పెరుగకుండ పూయును. మాఘము నడుమనుండి విత్తినచో పగలు పెరుగుచుండును గనుక ఆకు ఎదుగును. దవనము కోసిన మడిలోనే దీనిని వేసికొనవచ్చును.

అడుగు దూరపు వరుసలలో పలుచగా విత్తి, మొలచిన పిమ్మట ఆఱంగుళములకు ఒక మొక్క యుండునట్లు ఏరివేయుడు. ఏరినది కూరకు పనికివచ్చును. ఎండ బాగుగ తగిలినచోటనే రంగు నిలుచును. నీడలో ఎఱుపు వెలిసి పచ్చబడును. యూరియా ఎక్కువ వేసినచో కాడ మెత్తబడి, నీటిలో పెట్టినను నిలువదు. ఈ పైరులో గల గొప్ప మేలు ఇది: అమ్ముడుపోని దినమున ఇంటిలో పప్పులో వేసికొనవచ్చును.

మందుల విషయము

మిరప మడి ప్రక్కనే ఆకు మడి యున్నప్పుడు గాలికి మందు తుంపర వచ్చి పడును. ఈ యాకును స్త్రీలు తలలో ముడుచుకొందురు, వరుడు చేతబట్టుకొనును, పిల్లలు వాసన చూతురు, తోటకూరయైనచో తిందురు. ముడతకును తామర పురుగునకును కొట్టు మందులు ఇట్టి యాకుపై పడరాదు. కావున ఆకు మడిని ఇంటి పెరటిలోనో, గాలికి ఎదురుదిక్కునో వేయుడు. తుంపర పడిన ఆకును కోయకుడు.

ఇంకొక సంగతి. 2021 నుండి మన మిరప పూలను పాడుచేసిన నల్ల తామర పురుగు పూలలో చేరి బ్రతుకును. మిరప ప్రక్కన భూతులసిని పూయనిచ్చినచో దానికి మఱియొక నెలవు చూపినట్లగును. ఆకు పైరును పూతకు రానీయక కోసివేయుడు. విత్తనమునకు విడుచు పది మొక్కలను మిరపకు దూరముగా ఉంచుడు.

కోత, కట్ట, ప్రయాణము

కోసిన కాడ ఆకులనుండి నీటిని ఆవిరిగా విడుచుచునే యుండును. వేరు లేదు గనుక తిరిగి త్రాగునది కోసిన మొన నుండియే. ఆ మొన ఆఱినను, మురికినీటిలోని క్రిములచే పూడుకొనినను కాడ త్రాగలేదు. ఈ యొక్క సంగతి తెలిసినచో తక్కిన నియమములన్నియు తెలిసినట్లే. సూర్యోదయమునకు ముందు, ఆకు నిండుగ నీరు త్రాగియున్న వేళ, పదునైన కత్తితో కోయుడు. మొద్దు కొడవలి మొనను నలిపివేయును. శుభ్రముగా తోమిన బకెటులో మంచి నీరు పోసికొని చేనికే తీసికొనిపోవలయును. నీటిలో మునుగు భాగమునందలి ఆకులను దూసివేయుడు; లేనిచో అవి కుళ్లి నీటిని చెఱచును. రెండు గంటలు నీడలో త్రాగనిచ్చి, పిమ్మట కట్టలు కట్టి, తడి గోనెగుడ్డ చుట్టి పంపుడు. దవనమును అరటి ఆకులో చుట్టినచో వాసన నిలుచును. ఎండలో తెఱచిన బండిలో వేసినది ఊరు చేరునప్పటికి పశువుల మేతయగును.

లెక్క చూచుకొను విధము

ధరలు దినమునకొక తీరున మాఱును గనుక ఇక్కడ వ్రాయము. లెక్క కట్టు విధము మాత్రము చూపుదుము. సెంటునకు 435 చదరపు టడుగులు. కాలువలు నాలుగవ వంతు పోగా సుమారు 326 అడుగులు మిగులును. ఆఱంగుళముల ఎడమున అడుగునకు నాలుగు మొక్కల చొప్పున సుమారు 1,300 మొక్కలు పట్టును. చచ్చినవి, వంకర పోయినవి, పురుగు తిన్నవి తీసివేయగా వేయి మొక్కలు మంచివనుకొందము. ఇరువది మొక్కలకొక కట్టయైనచో ఏబది కట్టలు. కొనువాడు కట్టకు ఇచ్చు ధరను ఏబదిచే హెచ్చించి, విత్తనము, ఎరువు, బండి కూలి, సంఘపు రుసుము తీసివేయుడు. మిగిలినది మీ యింటివారి పనిదినములకు సరిపోవుచున్నదా? సరిపోనిచో విత్తకుడు. కాగితముపై కూలి గిట్టనిది మడిలోను గిట్టదు.

వంతుల పట్టిక

ఇంతవఱకు చెప్పినది ఒక్కొక్క రైతు చేయదగిన పని. ఒక్కడు చేయలేని పని యొకటి మిగిలినది. ఒక గ్రామములో ఇరువదిమంది సెంటు చొప్పున ఒకే వారమున నాటినచో, వేయి కట్టలు ఒకే వారమున బజారునకు వచ్చును. ఒంగోలు పూల అంగళ్లకు అంత ఆకు పట్టదు. మొదటి దినమున పలికిన ధర మూడవ దినమున సగమగును. అయిదవ దినమున అడుగువాడుండడు. పంట బాగుగ పండుటయే నష్టకారణమగును. దీనికి మందు సంఘమే.

1904 నాటి సహకార చట్టము అప్పులిచ్చు సంఘములకే చోటిచ్చినది. 1912 చట్టము కలిసి కొనుటకును కలిసి అమ్ముటకును గూడ చోటిచ్చినది. 1995 లో మన రాష్ట్రమున వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము రైతులు ప్రభుత్వపు వాటాధనము లేకయే తమ సంఘమును తాము నడుపుకొనుటకు వీలు కల్పించినది. చట్టము దారి చూపినది, నడువవలసినది మనము.

చేయవలసినది ఇంతమాత్రమే. సంఘములో ఒక పుస్తకమును తెఱచి, విత్తదలచినవారి పేరులను, సెంట్లను వ్రాసికొనవలెను. ఇద్దఱు సభ్యులు ఒంగోలు, చీరాల, గుంటూరు పూల అంగళ్లకు పోయి, వారమునకు ఎన్ని కట్టలు కొందురో, కట్టకు ఎన్ని కాడలు కోరుదురో, ఎంత పొడవు కావలెనో అడిగి రావలయును. వీలైనవారు గోదావరి తీరమున కడియపులంక పూలసంతను చూచి వచ్చిన మఱియు మంచిది. వచ్చిన లెక్కను బట్టి నారు పోయు తేదీలను చీట్లు వేసి పంచవలెను. ఏ వారము ఎవరిదో ఆ వారము వారే కోయవలెను. విత్తనమును కలిసి కొని, మొలక పరీక్ష అందఱి యెదుట చేసినచో చెడ్డ విత్తనపు నష్టము ఎవరికిని ఉండదు. మొదటి యేడు అయిదుగురకు మించి విత్తకుండుట యుక్తము. వంతు తప్పి తన లాభమునకు ముందుగ కోసినవాడు తన ధరను గాక పదిమంది ధరను పడగొట్టును. ఈ మాట పుస్తకపు మొదటి పుటలోనే వ్రాసి అందఱిచేత సంతకములు చేయించుకొనుట మేలు.

స్వాతి కార్తె వెళ్లకముందే ఈ నాలుగు పనులు ముగియవలెను: కొనువారిని అడుగుట, నీటిని పరీక్షింపించుట, విత్తనపు మొలక చూచుట, వంతులు వేయుట. ఈ నాలుగును జరిగిన గ్రామములో విశాఖ కార్తెలో నారు పోయుడు. జరుగనిచోట ఈ యేడు మిరపను చక్కగా చూచుకొని, మడిని వచ్చే యేటికి ఉంచుకొనుడు. సెంటు భూమి ఎక్కడికిని పోదు.